మూడో మలుపులో ఇరవై ఎనిమిది పళ్ళు

ఆ రోజుల్లో మా కోనసీమవాళ్ళకి కొండంటే బస్సెక్కి వెళ్ళి, దణ్ణం పెట్టుకుని, ప్రసాదం పొట్లం పట్టుకుని దిగొచ్చే చోటు. అంతేగాని సైకిలేసుకుని తొక్కుతూ ఎక్కాల్సిన నేల కాదు. మా ఊళ్ళో పుట్టిన మనిషి జన్మంతా కలిపి ఎక్కే ఎత్తులు రెండే: కాలవ మీద వంతెన ఒకటి, ఏటిగట్టు ఒకటి (కొబ్బరిచెట్టు కూడా ఎత్తే గాని, దాన్ని ఎక్కేవాళ్ళు వేరే ఉంటారు). గ్లాసులో నీళ్ళు పోసి రోడ్డు మీద పెడితే అటూ ఇటూ ఒరగనంత చదును మా నేల. అలాంటి నేల మీద సైకిలు నేర్చుకుని, తొంభైల్లో ఒక వేసవిలో, మన్యం ఘాటు రోడ్డు ఎక్కే పోటీకి తగుదునమ్మా అని బయల్దేరాను. అప్పటికి నాకు పద్ధెనిమిదేళ్ళు. ఇంటరు అయిపోయింది గాని పొగరు ఇంకా అవ్వలేదు.

కొత్తపేట నుంచి అమలాపురం వెళ్ళే దారిలో మా నాన్నకి అద్దె సైకిళ్ళ షాపు ఉండేది. చుట్టుపక్కల నాలుగూళ్ళలో ఆయన్ని పళ్ళ డాక్టరుగారు అనేవారు. సైకిలు వెనక చక్రానికి పళ్ళ బిళ్ళ ఒకటుంటుంది కదా, ఫ్రీవీలంటారు, దానికెన్ని పళ్ళుండాలో నాన్న మనిషి మొహం చూసి చెప్పేసేవాడు. కొబ్బరికాయలు మోసేవాడొస్తే ఇరవై రెండు పళ్ళు. పళ్ళు ఎక్కువైతే కాలికి తేలిక, బరువు ఎంతున్నా సైకిలు మెల్లగానైనా కదులుతుంది. బండారులంక నుంచి చీరల మూటలు కట్టుకొచ్చేవాళ్ళకి పద్ధెనిమిది. వెనక ఏ బరువూ లేని కాలేజీ కుర్రాళ్ళకి పదహారు; కాలికి బిగువుగా ఉంటుంది గాని ఒక్క తొక్కుకి బోలెడు దూరం పోతుంది. ఆయన వైద్యమంతా మనిషిని బట్టీ, మనిషి వెనకున్న బరువుని బట్టీ సాగేది. నేల ఎలాంటిదని ఎవర్నీ ఏనాడూ అడిగి ఎరగడు. అడగడానికేముంది, ఎటు పోయినా ఒకటే నేల. ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పెయ్యాలి: నాన్న ఏ పని అడిగినా "ఆయ్, రెండే నిమిషాలండి" అనేవాడు. తెలిసినవాళ్ళు ఆ మాట విని, సైకిలు అక్కడ వదిలేసి, క్షవరం చేయించుకుని, టిఫిను తిని మరీ వచ్చేవారు.

ఇలా ఉండగా మా చిన్నమావయ్య (అమ్మ ఆఖరి తమ్ముడు) మస్కటు నుంచి సెలవుకి వచ్చాడు. గల్ఫు నుంచి వచ్చేవాళ్ళందరూ టేపురికార్డర్లూ, సెంటు సీసాలూ తెస్తుంటే, ఈయన ఒక రేసు సైకిలుని ముక్కలుగా విప్పి అట్టపెట్టెలో పెట్టి తెచ్చాడు. అక్కడ పనిచేసే దొరగారెవరో సొంత దేశం వెళ్ళిపోతూ ఇచ్చేశాడట. పొట్టేలు కొమ్ముల్లా కిందకి వంగిన హ్యాండిలూ, వేలెడు లావు టైర్లూ చూసి మా వీధివాళ్ళంతా చేరారు. నాన్న కళ్ళు మాత్రం వెనక చక్రం మీద పడ్డాయి. అక్కడ ఒకటి కాదు, ఐదు పళ్ళ బిళ్ళలు దొంతరగా ఉన్నాయి. అన్నిటికన్నా చిన్నదానికి పద్నాలుగు పళ్ళు, అన్నిటికన్నా పెద్దదానికి ఇరవై ఎనిమిది. పెద్దది అరచేతంత పళ్ళెంలా ఉంది.

"ఒక సైకిలుకి ఐదు బిళ్ళలేంటయ్యా? ఏది పనిచేస్తుందో తెలీక అన్నీ పెట్టేసేడా దొర?" అన్నాడు నాన్న.

"అది కాదు బావగారూ. నేలని బట్టి మార్చుకోవాలంటండి. ఎత్తొస్తే పెద్ద బిళ్ళ, చదునైతే చిన్న బిళ్ళ. ఈ మీట ఇలాగంటే చైను అందులోంచి ఇందులోకి దూకుద్ది" అన్నాడు మావయ్య.

"మనకి ఎత్తెక్కడుందయ్యా?"

"లేదనుకోండి."

"మరింకేం!" అని నాన్న తేల్చేశాడు. మావయ్య తిరిగి మస్కటు వెళ్తూ ఆ సైకిలు నాకిచ్చి వెళ్ళాడు. నేను ఐదింట్లోనూ చిన్న బిళ్ళ మీద చైను పెట్టేసి, మీట సంగతి మర్చిపోయి, ఏటిగట్టు రోడ్డు మీద ఎదురుగాలిలో తొక్కడం మొదలుపెట్టాను. ఎంత తొక్కానంటే, ఆ ఏడాది జరిగిన చదును పోటీలు రెండింట్లోనూ నా ముందు ఎవరూ లేరు. (నా వెనక కూడా పెద్దగా ఎవరూ లేరనుకోండి. ఆ రోజుల్లో సైకిలు పోటీలకి ఆడపిల్లల్ని పంపే ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టాలి.)

మా డ్రిల్లు మాస్టారు ఇది చూసి ఒకరోజు షాపుకొచ్చి కూర్చున్నారు. "ఏమండీ, మన్యం వైపు పోటీ ఒకటుందండి. మొదటి ముగ్గుర్లో వస్తే సర్టిఫికెట్టు ఇస్తారు. అది చేతిలో ఉంటే మనమ్మాయికి డ్రిల్లు మాస్టర్ల ట్రైనింగు కాలేజీలో ఆటల కోటా సీటు వచ్చినట్టేనండి" అన్నారు. అది విన్నాక నాకు నాలుగు రోజులు అన్నం సయించలేదు. ఆ ట్రైనింగు మీద నాకంత ఆశ. మార్కులతో సీటు తెచ్చుకోవచ్చు కదా అంటారేమో. నా ఇంటరు మార్కులు మా ఇంట్లోనే ఇద్దరికి తెలుసు, మూడోవాళ్ళకి చెప్పే ఉద్దేశం నాకు లేదు. ఆ సర్టిఫికెట్టు తప్ప నాకు వేరే దారి లేదు. అది నాకూ తెలుసు, నాన్నకీ తెలుసు. మాస్టారు వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "చివర్లో ఓ రెండు కిలోమీటర్లు ఘాటు రోడ్డుందండోయ్, కొంచెం చూసుకోండి" అన్నారు. నాన్న "ఆయ్, చూస్తానండి" అన్నాడు.

చూశాడు. చూసి ఏం చేశాడంటే, రాజమండ్రి వెళ్ళి కొత్త దొంతర ఒకటి తెచ్చాడు. పద్నాలుగు, పదిహేను, పదహారు, పదిహేడు, పద్ధెనిమిది. అక్కడితో సరి. మస్కటు దొంతర ఊడదీసి, దీన్ని బిగించాడు. "పెద్ద పళ్ళెం తీసేసేవేంటి నాన్నా, ఎత్తుకి అదే వాడాలని మావయ్య చెప్పేడు కదా" అన్నాను. నాన్న నాకేసి జాలిగా చూశాడు. "ఇరవై ఎనిమిది పళ్ళు ఎవరికమ్మా? బరువు మోసేవాడికి. నువ్వేవన్నా కొబ్బరికాయలు మోస్తావా? నలభై రెండు కేజీల పిల్లవి. నీకు ఆ పళ్ళెం వేసేనని తెలిస్తే ఊళ్ళో నా పరువేం కావాలి?" అన్నాడు. నాకది సబబుగానే తోచింది. అంత కచ్చితంగా చెప్పే మనిషి మాట ఎవరికైనా సబబుగానే తోస్తుంది.

మా ఇంట్లో కొండ గురించి అనుభవం ఉన్న మనిషి అమ్మ ఒక్కతే. ఓసారి తిరపతి బస్సులో కొండెక్కింది, దారి పొడుగునా వాంతులతో. ఆవిడ వంటింట్లోంచే అంది, "ఏవండీ, అక్కడ బస్సే మూలిగిందండీ. బస్సు మూలిగిన చోట పిల్ల ఎలా ఎక్కుద్దండీ?"

"బస్సులో యాభై మంది ఉన్నారే! దీని మీద ఇదొక్కత్తే కదా!" అన్నాడు నాన్న. అమ్మ మళ్ళీ పోపు గరిటె పట్టుకుంది. కాని పోటీకి బయల్దేరే రోజు మా సంచి సర్దుతూ, పులిహోర డబ్బా కింద, పాత పేపర్లో చుట్టి, ఆ ఊడదీసిన మస్కటు దొంతరని కూడా పెట్టిందట. అది మాకెవరికీ చెప్పలేదు.

ఎత్తు సాధన మాత్రం చేశాం. మా వైపు ఎత్తెక్కడానికి ఒక పద్ధతుంది: నూరు గజాల అవతల నుంచి ఊపు తీసుకోవడం. ఏటిగట్టు ఎక్కాలన్నా, వంతెనెక్కాలన్నా, బియ్యం బస్తా ఉన్నా లేకపోయినా, ముందు నుంచి చచ్చేట్టు తొక్కుకొచ్చి, ఆ ఊపు అయిపోయే లోపు పైనుండాలి. నాన్న గట్టు మీద నిలబడి, నాచేత ఆ ఏటవాలు నలభై సార్లు ఎక్కించాడు. నలభయ్యోసారి ఎక్కాక, "కొండంటే ఏంటమ్మా! ఇలాంటి గట్లు నలభై, ఒకదాని మీదొకటి పెట్టేరనుకో. ఎక్కేసేవు కదా, అయిపోయింది" అన్నాడు. ఆ నలభై గట్ల మధ్యా నేను ముప్పై తొమ్మిది సార్లు కిందకి దిగి ఊపు తీసుకున్నానన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు.

పోటీ రోజు పొద్దున్నే తొమ్మిది మంది అమ్మాయిలం నిలబడ్డాం. ఇద్దరికి నాలాగే గేర్ల సైకిళ్ళున్నాయి, కొండల వైపు నుంచి వచ్చినవాళ్ళు. మిగతా ఆరుగురివీ మామూలు సైకిళ్ళు. సామాన్ల వ్యాను ముందెళ్ళింది. నాన్న పానాల సంచీ, మా సంచీ పట్టుకుని అందులో కూర్చున్నాడు. మాస్టారు ఇంకో జీపులో గమ్యానికి వెళ్ళిపోయారు. చదును దారంతా నాదే. పద్నాలుగు పళ్ళ బిళ్ళ మీద కాళ్ళు ఆడుతుంటే, దారి పక్క జీడిమామిడి తోటలు వెనక్కి పోతుంటే, మనసులో అప్పటికే ట్రైనింగు కాలేజీలో చేరిపోయాను. హాస్టలు గది కూడా ఎంచుకున్నాను, కిటికీ ఉన్నది.

కొండ కనిపించింది. నూరు గజాలు కాదు, మూడొందల గజాల నుంచి ఊపు తీసుకున్నాను. నిజం చెప్పొద్దూ, మొదటి మలుపు దాకా పక్షిలా వెళ్ళాను. అక్కడ ఊపు అయిపోయింది. కొండ అవ్వలేదు. మలుపు తిరిగి చూస్తే రోడ్డు ఇంకా పైకే పోతోంది. మా గట్టయితే ఈపాటికి అవతలివైపు నీళ్ళు కనపడాలి. మీట నొక్కాను. చైను పద్ధెనిమిది మీదకి దూకింది. మళ్ళీ నొక్కాను. ఇంకెక్కడికి దూకుతుంది, అక్కడితో సరి కదా! లేచి నిలబడి తొక్కాను. హ్యాండిలు పట్టుకుని వేలాడాను. ఇంట్లో దేవుళ్ళందర్నీ పిలిచాను. రెండో మలుపుకి కుడికాలు కిందకి పోనని మొండికేసింది. గేర్ల సైకిళ్ళ అమ్మాయిలిద్దరూ కూర్చున్నచోటు నుంచి లేవకుండా, ఏదో మాట్లాడుకుంటూ, నన్ను దాటి వెళ్ళిపోయారు.

దిగి తోయడం మొదలుపెట్టాను. పోటీలో దిగి తోయొచ్చు, తప్పు లేదు. వెనక్కి తిరిగి చూస్తే కింద మలుపులో మామూలు సైకిళ్ళ అమ్మాయిలు ఆరుగురూ కూడా దిగి తోస్తున్నారు. అప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే తొయ్యడం నాకు కొత్త కాదు. కపిలేశ్వరపురం లంకల్లో మా పెదనాన్నగారి పొలానికి వెళ్ళినప్పుడల్లా మోకాలి లోతు ఇసకలో సైకిలు తోసిన దాన్ని. గట్టి రోడ్డు మీద తొయ్యడం నాకొక లెక్కా! నేను మూడోదాన్ని. ఇంకా కిలోమీటరున్నర ఉంది. ఇలాగే తోసుకుంటూ పోతే సర్టిఫికెట్టు నాదే.

మూడో మలుపు తిరిగేసరికి రోడ్డు పక్కన నాన్న నిలబడి ఉన్నాడు.

వ్యాను ఆపించుకుని దిగిపోయాడట. పంచె ఎగగట్టి ఉంది. ఒక చేతిలో పెద్ద పానా, రెండో చేతిలో పేపరు ముక్కలు అంటుకున్న మస్కటు దొంతర. వ్యాను కొండెక్కుతూ మూలిగినప్పుడు ఆయనకి విషయం అర్థమైందట. పులిహోర తీద్దామని సంచి విప్పితే ఇది బయటపడిందట. ఇవన్నీ తర్వాత తెలిశాయి. అప్పుడు నాకు కనపడింది నాన్న మొహం ఒక్కటే. అలాంటి మొహం నేనంతవరకు చూడలేదు.

"తప్పయిపోయిందమ్మా" అన్నాడు. "నేల చూడలేదమ్మా నేను. మనిషినే చూసేను. ఆగమ్మా, ఇది వేసేస్తాను. రెండే నిమిషాలు."

పాతికేళ్ళ షాపులో ఆయన ఒక్క మనిషితో కూడా తప్పయిపోయిందన్న మాట అనలేదు. పైగా ఆ రెండు నిమిషాలు ఎంతసేపో నాకన్నా బాగా తెలిసినవాళ్ళు ఈ భూమ్మీద లేరు. నాలుక చివరదాకా వచ్చింది: వద్దు నాన్నా, నేను మూడోదాన్ని, తోసుకుంటూ పోతాను. ఆయన అప్పటికే రోడ్డు పక్కన గోనెపట్టా పరిచి, దాని మీద పానాలు వరసగా పెడుతున్నాడు. రోడ్డు వైపు చూడటం లేదు. నా ముందెవరెళ్ళారో, వెనకెవరున్నారో ఆయనకి పట్టలేదు. నేను వద్దని వెళ్ళిపోతే, ఈ మనిషి ఆ పళ్ళెం చేత్తో పట్టుకుని ఈ మలుపులోనే నిలబడిపోతాడనిపించింది.

"రెండు నిమిషాలే కదా నాన్నా" అన్నాను. సైకిలు పడుకోబెట్టాను.

ఫ్రీవీలుకి ఒక గుణం ఉంది: తొక్కేకొద్దీ బిగుసుకుంటుంది. రెండు మలుపులు నేను వేలాడి తొక్కిన తొక్కుడుకి అది ఇల్లు కట్టుకుని కూర్చుంది. నేను చక్రం పట్టుకున్నాను, నాన్న పానా మీద నిలబడ్డాడు. ఊహూ. ఇద్దరం కలిసి నిలబడ్డాం. ఊహూ. ఈలోగా ఒకమ్మాయి తోసుకుంటూ వెళ్ళిపోయింది. తర్వాత ఇద్దరు. "వెళ్తున్నారా అమ్మా ఎవరన్నా?" అన్నాడు నాన్న తలెత్తకుండా. "లేదు నాన్నా, నువ్వు కానియ్యి" అన్నాను. ఇంకో ఇద్దరు. ఆఖరికి కట్టెలమోపు దించుకుని మమ్మల్నే చూస్తున్న ఒకాయన వచ్చి, ఒక్క గుంజు గుంజాడు, ఊడింది. పెద్ద దొంతర బిగించి, చక్రం ఎక్కించి, చైను వేసి, చేతులు గుడ్డకి తుడుచుకుని నాన్న లేచేటప్పటికి ఆఖరమ్మాయి కూడా మా పక్కనుంచే వెళ్ళింది. "ఈవిడొక్కత్తే కదా?" అన్నాడు. "ఆయ్" అన్నాను.

ఎక్కాను. అబ్బ, ఏం చెప్పను! ఆ ఇరవై ఎనిమిది పళ్ళ మీద కాళ్ళు గిర్రున తిరిగాయి, ఎవరో వెనక నుంచి అరచెయ్యి వేసి తోస్తున్నట్టు. ఒకే ఒక్క ఇబ్బంది: కాళ్ళు ఎంత తిరిగినా సైకిలు మాత్రం మనిషి గబగబా నడిచినంత వేగంతోనే పోతుంది. అందుకని నాన్న పంచె పైకి పట్టుకుని నా పక్కనే నడుస్తూ వచ్చాడు. "చూసేవా! ఎలా తిరుగుతుందో చూసేవా! కూర్చునే ఎక్కేస్తున్నావు!" అని దారి పొడుగునా ఒకటే సంబరం. ఇద్దరమ్మాయిల్ని దాటాం కూడా. గమ్యం దగ్గర గడియారం పట్టుకున్నాయన మా ఇద్దర్నీ ఎగాదిగా చూసి, "ఇందులో పోటీకొచ్చింది ఎవరండీ?" అన్నాడు. నేను ఏడో స్థానం.

నాన్న అక్కడున్న వాళ్ళందరికీ పెద్ద పళ్ళెం మహిమ చెబుతుండగా మాస్టారు నన్ను పక్కకి పిలిచారు. ముందొచ్చినవాళ్ళు ఆయనతో చెప్పేశారు. "మూడోదానివంట కదే! ఎందుకాగేవు?" అన్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి, కోపంతోనో ఇంకెందుకో. అప్పటిదాకా బిగబట్టుకున్న నేను కూడా ఏడ్చేశాను. బాగా ఏడ్చాను. సీటు పోయిందని ఏడ్చాను, ఇందులో దాచడానికేముంది. ముక్కు తుడుచుకున్నాక, "నాన్నకి చెప్పకండి మాస్టారూ" అన్నాను. ఆయన చెప్పలేదు.

ఆ ట్రైనింగు నాకు మళ్ళీ దొరకలేదు. వయసు దాటింది, టైపు నేర్చుకున్నాను, ఉద్యోగమొచ్చింది, పెళ్ళయింది. నాన్న మాత్రం ఊరికొచ్చిన వారానికల్లా షాపుకి కొత్త బోర్డు రాయించాడు: "కొండలకు, గట్లకు, ఎదురుగాలికి వేరువేరుగా గేర్లు అమర్చబడును." చుట్టూ ముప్పై మైళ్ళలో కొండ లేని చోట ఆ బోర్డు పదేళ్ళు వేలాడింది. కొండల నిమిత్తం ఒక్క మనిషీ రాలేదు గాని, ఆ రోజు నుంచి నాన్న ఎవరొచ్చినా ముందు "ఏ దారిన వెళ్తారండి?" అని అడిగేవాడు. మండపేట రోడ్డన్నా, లంక దారన్నా శ్రద్ధగా విని, ఎప్పట్లాగే మనిషి మొహం చూసి పళ్ళు వేసేవాడు.

రెండువేల సంవత్సరం దాటాక, అద్దె సైకిళ్ళు అడిగేవాళ్ళు లేక షాపు మూసేసే రోజుల్లో, ఓ సాయంత్రం నేను పుట్టింటికి వెళ్ళి సామాన్లు సర్దడంలో సాయం చేస్తున్నాను. నాన్న ఏదో చైనుకి నూనె పెడుతూ, నాకేసి చూడకుండా అడిగాడు.

"అమ్మడూ, ఆ వేళ నేనాపేటప్పటికి నువ్వెన్నోదానివే?"

ఇన్నేళ్ళూ ఆయన ఆ ప్రశ్నని ఎక్కడ దాచుకున్నాడో!

"ఆరో ఏడో అయ్యుంటాను నాన్నా. ఎవరు లెక్కపెట్టేరు?"

"అంతేలే. మూడోదానివో నాలుగోదానివో అయితే ఆగవు కదా."

"ఆగుతానా ఏంటి! నిన్ను తోసేసి పోయేదాన్ని."

నాన్న ఆ చైనుని గుడ్డతో తుడిచి, డబ్బాలో పెట్టి, మూత పెట్టాడు. ఆ పూట ఆయన మారు వడ్డించుకుని తిన్నాడని అమ్మ మర్నాడు నాతో ఆశ్చర్యంగా చెప్పింది. చాలా రోజులైందట అలా తిని.

ఇప్పుడు నాన్న లేడు కాబట్టి రాస్తున్నాను: మూడోదాన్ని. వెనక్కి తిరిగి రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను కూడా. అప్పుడప్పుడు ఆఫీసులో ఎండాకాలం మధ్యాహ్నాలు, ఫ్యాను తిరక్క విసుగ్గా ఉన్నప్పుడు, ఆ పద్ధెనిమిదేళ్ళ పిల్ల కనపడితే "ఎందుకాగేవే మొద్దూ, సీటు పోయింది కదే" అని నాలుగు దులపాలనిపిస్తుంది. దులిపేదాన్నే. కాని ఆ మలుపులో దాని పక్కన నాన్న కూడా ఉంటాడు కదా. ఆయన వింటే ఎలా?